సొరంగం అవతలి నుంచి మిస్డ్ కాల్

మా ఆయన బోరు మోటార్ల మెకానిక్. ఎల్బీనగర్, కర్మన్‌ఘాట్ చుట్టుపక్కల ఎవరి మోటారు కాలినా ఆయనకే కబురు వచ్చేది. నీళ్లు రావడం లేదని పొద్దున లేస్తే ఎవరో ఒకరి చేత తిట్లు తినే ఆ మనిషి, గల్ఫ్‌కు పోయి నీళ్లు వస్తున్నాయని తిట్లు తినే పనిలో చేరాడు. సముద్రం మధ్యలో ఒక దీవి ఉందట. దానికి వంతెన కట్టకుండా, సముద్రం అడుగున సొరంగం చేసి అందులో నుంచి కార్లూ లారీలూ పోయే రోడ్డు వేస్తున్నారట. మొదటిసారి చెప్పినప్పుడు నేను నమ్మలేదు.

"నెత్తి మీద సముద్రం పెట్టుకొని రోడ్డేంది? పిచ్చోళ్లా ఏంది?" అన్నాను.

"రోడ్డు ఇటు దిగుతది, అటు ఎక్కుతది. నడిమిట్ల గుంత లెక్క ఉంటది. ఎంత సిమెంటు కొట్టినా ఏడనో ఒక కాడ నీళ్లు ఊరుతయి, ఊరి ఆ గుంతకే జారుతయి. గా నీళ్లను నా పంపులు తోడి బయట పోస్తయి. పంపు ఆగిందంటే పని ఆగినట్టే" అన్నాడాయన.

పంపు ఆగితే లోపలున్న మనుషుల సంగతి ఏమిటో ఆయన చెప్పలేదు. నేనూ అడగలేదు.

రోజూ ఫోన్లో మాట్లాడుకునే స్తోమత మాకు లేదు. శుక్రవారం ఆయనకు సెలవు, ఆ రోజే మాటలు. మిగతా రోజుల్లో మిస్డ్ కాల్. పొద్దున సొరంగంలోకి దిగే ముందు ఒకటి, మధ్యాహ్నం బయటికొచ్చాక ఒకటి. నేను ఎత్తకూడదు. ఎత్తితే ఆయన ఫోన్ కార్డులో పైసలు కరిగిపోతాయి. ఆ రోజుల్లో మా బోటివాళ్లకు గేటు తియ్యమనడానికీ మిస్డ్ కాలే, ప్రాణాలతో ఉన్నానని చెప్పడానికీ మిస్డ్ కాలే. ఆ రెండు రింగుల మధ్య నేను కనబడినవాళ్లందరితో పేచీ పెట్టుకునేదాన్ని. మా గల్లీలో కూరగాయల బండాయన, "సార్ ఫోన్ ఒచ్చిందా అమ్మా? ఒచ్చినాంకనే బేరం చేద్దాంలే" అని బండి తోసుకుంటూ వెళ్లిపోయేవాడు.

కొత్తపేటలో మేం కిరాయికున్న ఇంటి పైఅంతస్తులో ఇంటామె ఉండేది. గుంటూరు వైపు మనిషి. నేను ఆంటీ అనేదాన్ని, ఆవిడ నన్ను అమ్మాయ్ అని పిలిచేది. తెలంగాణ ఉద్యమం ఊపందుకునే దాకా మా మధ్య పచ్చళ్లు, పొడులు బాగానే అటూ ఇటూ తిరిగాయి. ఒకరోజు నేను గేటు ముందు ముగ్గేసి, కింద 'జై తెలంగాణ' అని రాశాను. కాసేపటికి వచ్చి చూస్తే అక్కడ తడి నేల తప్ప ఏమీ లేదు. మర్నాడు ఇంకా పెద్ద అక్షరాలతో రాశాను. దాని మీద ఇంకా పెద్ద బకెట్ నీళ్లు పడ్డాయి. నేను రాయడం మానలేదు, ఆవిడ కడగడం మానలేదు. బోరు మోటారు ఎప్పుడు వేయాలన్నది తప్ప మా మధ్య మాటలు ఆగిపోయాయి.

సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు ఆగాయి, బడులు మూశారు, కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో తెలియకుండా అయింది. ఇంటామె భర్త పనిమీద ఊరెళ్లి బస్సుల్లేక అక్కడే చిక్కుకుపోయాడు. పైన ఆవిడ ఒక్కతే, కింద నేను ఒక్కదాన్నే. అయినా పట్టింపు పట్టింపే.

ఆ శుక్రవారం ఫోన్లో మా ఆయన గొంతు బాగాలేదు. ఒక అతుకు దగ్గర ఊట పెరిగిందట. పంపులు ఆపకుండా నడిపిస్తున్నారట. "ఏం గాదులే" అని అడగకుండానే అన్నాడు. ఏం కాకపోతే ఆ మాట ఎందుకనాలి? అప్పటినుంచి నాకు ముద్ద దిగలేదు.

మూడు రోజులైనా కాలేదు, మా కాలనీవాళ్లు హైవే మీద వంటావార్పు పెట్టారు. రోడ్డు మధ్యలో పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే కూర్చుని తినడం. దానికన్నా గట్టిగా రోడ్డును ఎవరూ ఆపలేరు. అన్నం గంజి వార్చే పని నాకిచ్చారు. పొద్దుటి రింగు వచ్చింది. వచ్చిన వెంటనే ఫోన్లో చార్జింగ్ అయిపోయింది, కరెంటు లేదు. కాలనీ మొత్తంలో ఇన్వర్టర్ ఉన్నది ఇంటామెకే. రోషాన్ని దిగమింగి మెట్లెక్కాను.

"ఆంటీ, జర దీన్ని చార్జింగ్ పెడతరా?"

ఆవిడ నేను నుదుటికి కట్టుకున్న 'జై తెలంగాణ' పట్టీ వైపు ఒకసారి చూసి, ఫోన్ తీసుకుంది. ఫోన్ ఎత్తొద్దని చెప్పాలన్న ఆలోచనే నాకు రాలేదు. నాకు అది అందరికీ తెలిసిన సంగతే అనిపించేది.

మధ్యాహ్నం రింగు వేళకు గంజి వార్చి, పొగ వాసనతో ఇంటికొచ్చాను. ఇంటామె మెట్ల మీదే నిలబడి ఉంది. ముఖంలో రక్తం లేదు.

"అమ్మాయ్, పొద్దునే మీ ఆయన ఫోన్ చేశారు. నువ్వు వెళ్లిన కాసేపటికే."

"ఎత్తిండ్రా?"

"మోగుతుంటే ఎత్తక ఏం చేస్తాను? 'ఎవరు?' అని అరిచారు. వెనకాల ఒకటే హోరు, జనం కేకలు. 'అమ్మాయి లేదు బాబూ, రోడ్డు మీదకి వెళ్లింది' అన్నాను. అంతే, కట్ అయిపోయింది. మళ్లీ రాలేదు."

"మిస్డ్ కాల్ ఎత్తుతరా ఎవరన్నా?" అని గట్టిగా అరిచాను. నా అరుపుకు పక్కింటివాళ్లు తొంగిచూశారు. ఆవిడ రెండు చేతులతో ఫోన్‌ను నా ముందుకు చాచింది. నాకప్పుడు జాలి లేదు, ఒళ్లంతా మంటే. ఆయన మధ్యాహ్నానికి గానీ బయటికి రాడు. అంత పొద్దున బయటికొచ్చి ఫోన్ చేశాడంటే లోపల ఏదో అయింది. ఎత్తడంతో కార్డులో ఉన్నది కాస్తా ఊడ్చుకుపోయి ఉంటుంది. ఇక ఆయన చేయలేడు. నా ఫోన్లో పైదేశానికి చేసేంత బ్యాలెన్స్ లేదు, ఆవిడ ఫోన్ నుంచి అసలు పోనే పోదు. బయట బంద్.

"పద, రీచార్జ్ చేయిద్దాం" అంది ఆవిడ చెప్పులేసుకుంటూ.

"మీరెక్కడికి? మీ మాట ఇంటే ఆంధ్రామె అని తెల్సిపోతది."

"మాట్లాడనులే. నువ్వు మాత్రం ఆ పట్టీ తీయకు. దాంతోనే వెళ్దాం."

రోజూ నా ముగ్గు కడిగే మనిషి ఆ మాట అంది. నాకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. నడిచాం.

దిల్‌సుఖ్‌నగర్ దాకా ఎటు చూసినా దించిన షట్టర్లే. బస్సుల్లేని రోడ్డు మీద టైర్లు కాలిన మసి, అక్కడక్కడా పోలీసులు. ఆవిడ నా కొంగు పట్టుకుని నడుస్తోంది. నా బుర్రలో మాత్రం ఒకటే బొమ్మ: కిందికి దిగే రోడ్డు, నడిమిట్ల గుంత, అందులో పెరుగుతున్న నీళ్లు. చివరికి ఒక గల్లీలో, దుకాణం వెనకే కాపురముండే రీచార్జ్ అతన్ని బతిమాలితే షట్టర్ మోకాళ్ల ఎత్తుకు లేపాడు. మేం వంగి నంబరు చెబుతున్నామో లేదో, జెండాలు పట్టుకున్న కుర్రాళ్ల గుంపు వచ్చేసింది.

"ఏయ్, బంద్ అంటే సమజ్ గాదా? దించు షట్టర్!"

దుకాణపతను దించబోయాడు. నోరు పెట్టి బతికే నాకు, అప్పుడే మాట పడిపోయింది. ఇంటామె వంగినదల్లా నిటారుగా లేచింది.

"బాబూ, ఒక్క నిమిషం నాయనా. ఈ అమ్మాయి మొగుడు సముద్రం అడుగున సొరంగంలో పనిచేస్తున్నాడు. ఉన్నాడో లేడో తెలీట్లేదు. మీకు పుణ్యముంటుంది, ఆ షట్టర్ దించకండి."

ఆ యాస గల్లీ అంతా వినబడింది. ఒకతను ఆవిడను ఎగాదిగా చూశాడు. "ఆంధ్రోళ్లా?"

అప్పుడు వచ్చింది నాకు నోరు. "మా ఇంటామె. అయితే ఏందిరా? పొద్దుగాల్నుంచి హైవే మీద మీకు అన్నం వార్చింది నేనే, తిని ఒచ్చిండ్రా లేదా?"

అతను నా పట్టీ చూశాడు, మసి పట్టిన చేతులు చూశాడు. షట్టర్‌ను తనే భుజంతో ఇంకాస్త పైకెత్తి పట్టుకున్నాడు. "జల్ది కానియ్యక్కా" అన్నాడు.

రీచార్జ్ పడింది, ఫోన్ కలిసింది. సగం రింగు కూడా కాకముందే ఎత్తాడు.

"ఎవలెత్తిండ్రు నీ ఫోను? దెబ్బ తాకిందా? దవాఖానల ఉన్నవా?"

"నాకేమైతది? నీకేమైంది?"

ఆయన ఏడుస్తున్నాడు. పెళ్లయినప్పటి నుంచి ఆయన ఏడుపు నేను వినలేదు. ఊట పెరిగి ఒక పంపు ఆగిందట, అందర్నీ బయటికి పంపారట, ఆ సంగతి చెప్పుకోవడానికి కాదు, బయటపడ్డానని రింగు ఇచ్చాడట. "టీవీల దినాం లాఠీచార్జి చూపెడ్తున్రు. నీ ఫోన్ల వేరే గొంతు, రోడ్డు మీదికి పోయిందన్నది. ఇగ అయిపోయిందనుకున్న. పంపు లేపుదాం రమ్మని అప్పటి సంది పిలుస్తున్రు. నీ మాట ఇనేదాంక దిగనని ఈడనే కూసున్న. నీళ్లకు గింత భయం కాలే నాకు."

నేను ఇక్కడ ఆయన మీద నీళ్లు పడ్డాయని చస్తుంటే, ఆయన అక్కడ నా మీద లాఠీలు పడ్డాయని చస్తున్నాడు.

"దిగకు" అన్నాను.

"పంపు లేవకుంటే రోడ్డంత మునుగుతది. ఇన్నేండ్ల పని. నీ గొంతు ఇన్న గదా, ఇగ పోత." పెట్టేశాడు.

ఇంటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాం, మధ్యలో ఫోన్ పెట్టుకుని. ఇంటామె లోపలికి వెళ్లి మజ్జిగ తెచ్చింది, ఇద్దరం తాగలేదు. కరెంటు వచ్చింది, పోయింది. ఎదురింటి గోడ మీద ఎండ పైకి పాకి పోయింది. ఆయన్ను ఆపలేకపోయానని నా మీద నాకే కోపం, ఆపితే మాత్రం ఆగే మనిషా అని ఆయన మీద కోపం.

వెలుతురుండగానే మోగింది. కొత్త కార్డు ఎక్కడ సంపాదించాడో. మేమిద్దరం ఫోన్ వైపు చూశాం. ఒక రింగు అయింది. ఎప్పుడూ అక్కడే ఆగేది. ఈసారి ఆగలేదు. రెండోది, మూడోది.

"ఎత్తు అమ్మాయ్, ఎత్తు" అంది ఇంటామె.

ఎత్తాను. ఆయన ఫోన్‌ను పంపు వైపు పట్టినట్టున్నాడు. పంపు నడుస్తున్న చప్పుడు వినబడుతోంది. కర్మన్‌ఘాట్‌లో మోటారు బాగుచేసి పరీక్షకు వేసినప్పుడు వచ్చే చప్పుడే. కార్డు అయిపోయే దాకా అలాగే విన్నాను.