సారమ్మ పాడిన రెండు వందల పదకొండు

టీవీలో పాటగాళ్లను మెత్తటి కుర్చీల్లో కూర్చోబెట్టి “మీ గొంతు రహస్యమేమిటండీ” అని అడిగే కార్యక్రమాన్ని కనిపెట్టింది మా నాయనమ్మ సారమ్మ. దాన్ని వెక్కిరించడం కనిపెట్టింది కూడా ఆమే. అదీ వరంగల్లో ఎవరూ టీవీ మొహం చూడని 1961లో. కాదనేవాళ్లుంటే హనుమకొండకు వచ్చి ఆమెతోనే తేల్చుకోవచ్చు. తిరుగు బస్సు టైము కనుక్కొని రావడం మంచిది.

అప్పటికి సారమ్మ దవాఖానలో ఆయా. చదువు రాదు. కానీ చర్చి పాటలన్నీ నంబర్లతో సహా నోటికి వచ్చు. పాస్టరు సుందర్ రావు అయ్యగారు “తొంభై ఆరు” అంటే చాలు, పుస్తకం ఉన్నవాళ్లు పేజీ తిప్పేలోపే ఆమె పల్లవి ఎత్తుకునేది. పన్నెండేళ్లుగా చర్చి పాటల బృందం క్వయర్‌లో ముందు వరుస ఆమెది. వారమంతా ఇతరులు చెప్పింది చేసే మనిషి. ఆదివారం ఒక్క గంట మాత్రం ఆమె ఎత్తుకుంటే చర్చి అంతా వెంట పాడేది.

ఆ ఏడు వానాకాలంలో క్వయర్ ప్రభుదాసు సారు చేతికి పోయింది. ఆయన బడిపంతులు. అంతకు మూడేళ్ల ముందు హైదరాబాద్ రేడియోలో ఒక పాట పాడి వచ్చాడు. ఆనాటి నుంచి ఎర్రటి ఎండల్లోనూ మెడకు మఫ్లరే. కొత్తగా అచ్చయిన పాటల పుస్తకాలు తెప్పించి, చదవగలిగినవాళ్లే ఇకనుంచి క్వయర్‌లో నిలబడాలన్నాడు. సారమ్మా, మరో నలుగురు ఆడవాళ్లూ వెళ్లి వెనక చాపల మీద కూర్చున్నారు. ఆరు వారాలు సారమ్మ నోట పాట రాలేదు. జ్వరమేమోనని డాక్టరమ్మ థర్మామీటరు కూడా పెట్టి చూసింది.

కోత పండుగ వచ్చింది. చర్చి ముందు పందిరి కింద కొత్త వడ్లు, హసన్‌పర్తి గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన కోళ్లు. వాటిని వేలం వేసే హర్రాజుకు ముందు పిల్లల పాటలు, చిన్న చిన్న నాటికలు. పిల్లలు దిగగానే సారమ్మ వేదికెక్కింది. మెడ చుట్టూ దుప్పటి ముక్క. పక్కన పొరుగింటి మొగిలమ్మ, చేతిలో మైకుకు బదులు అన్నం గరిటె. ఆ మెడ చూడగానే పందిరి కింద నవ్వు మొదలైంది.

“శ్రోతలారా, నమస్కారం!” అంది మొగిలమ్మ, రేడియో గొంతు పెట్టి. “ఈనాడు మన ముందు మహా గాయకులున్నారు. సారూ, మీ గొంతు ఇంత మంచిగ ఎట్లయింది?”

“ఇది గొంతు గాదమ్మా, సర్కారు ఆస్తి,” అంది సారమ్మ, దుప్పటి సర్దుకుంటూ. “సల్లనీళ్లు తాగ. గట్టిగ తుమ్మ. నా ముందట మా ఇంటామె తుమ్మాలన్నా అర్జీ పెట్టుకోవాలె.”

“ఎన్ని పాటలు పాడిన్రు?”

“ఒక్కటి. ఒక్కటే అని అలకగ చూడకు. దాని ముచ్చట మూడేండ్ల సంది చెప్తాన, ఇంక సగం గూడ ఒడువలే.”

“మీ ఇంటామె విన్నదా?”

“హోటల్ రేడియో ముందట నిలబడి విన్నది. నేను నోరు తెరిచిన్నో లేదో, వర్ధన్నపేట బస్సోడు హారన్ కొట్టిండు. హారనే మంచిగున్నదన్నది.”

“ఏదీ, ఒక్క చరణం పాడుండ్రి.”

“పుస్తకమేది? పుస్తకం లేంది నేను దగ్గను గూడ!”

పందిరి కింద జనం పొట్టలు పట్టుకున్నారు. ప్రభుదాసు సారు లేచి నిలబడ్డాడు.

“సారమ్మా! ఇంతమంది ముందట నన్ను నవ్వులపాలు జేస్తవా? క్షమాపణ అడుగు. లేకుంటె క్వయర్ మాట మర్చిపో.”

“పాట వచ్చినోళ్లను చాపల మీద కూసోబెట్టింది మీరు. క్షమాపణ నేనెందుకు అడుగుత సారూ?”

“నీకు అన్ని వస్తయా? అయితే రెండు వందల పదకొండు పాడు. తప్పు పోయిందో, మళ్ల ఆ వరుస దిక్కు చూడొద్దు.”

సారమ్మ గుమ్మడికాయల వైపు చూసింది. “ఇయ్యాలనా? పండుగ పూటనా?”

“రాదా?”

“రాకేం!”

దుప్పటి తీసి మొగిలమ్మ చేతికిచ్చి ఎత్తుకుంది. కొత్త పుస్తకంలో రెండు వందల పదకొండు పంటల స్తోత్రం. సారమ్మ విని నేర్చుకున్న పాత పుస్తకంలో అది మనిషిని మట్టిచేసేటప్పుడు పాడే పాట. అంతకు నాలుగేళ్ల ముందు మా తాత సమాధి దగ్గర ఆ పాట ఆమే ఎత్తుకుంది. మళ్లీ పాడటం ఇదే.

వెనక చాపల మీద ఆడవాళ్లు గొంతు కలుపుతూ లేచారు. ముసలివాళ్లు తలపాగాలు తీశారు. గుమ్మడికాయల చుట్టూ, కోళ్ల గంపల చుట్టూ సగం ఊరు శవం దగ్గర నిలబడ్డట్టు తలలు వంచుకొని నిలబడింది. క్వయర్ పిల్లలు మాత్రం కొత్త పుస్తకాల్లో పేజీలు ముందుకూ వెనక్కూ తిప్పుతున్నారు.

“తప్పు! ఇది గాదు! ఆపు!” అని ప్రభుదాసు సారు చేతులూపాడు. సారమ్మ ఆయన కళ్లలోకే చూస్తూ నాలుగు చరణాలూ పూర్తి చేసింది.

“నంబర్ మీ పుస్తకంల మారింది సారూ, మా నోట్లె మారలే,” అంది ఆ తర్వాత. “మార్చినప్పుడు మా చాపల కాడికొచ్చి ఒక్కలన్న చెప్పిన్రా?”

అయ్యగారు కళ్లు తుడుచుకున్నారు. నవ్వుకో, ఏడుపుకో ఆయనకే తెలియాలి.

“ప్రభుదాసూ, ఇగ నంబర్ తోని పాట మొదటి మాట గూడ చదువు. ఆడోళ్లు అయిదుగురూ వరుసలకు రావాలె. సారమ్మా, నీ జాగ నీదే. సారుకు ఒక్క మాట, తప్పయిందను,” అన్నారు అయ్యగారు.

“జాగ నాదే అన్నంక తప్పెక్కడిది అయ్యగారూ?”

అనలేదు. మరుసటి ఆదివారం ముందు వరుసలో నిలబడింది. ప్రభుదాసు సారు ఆరాధన అయ్యేదాకా కిటికీ వైపు చూస్తూ చేతులూపాడు.

ఇదంతా రాసి ఆమెకు చదివి వినిపించాను. “నాయనమ్మా, నంబర్ మారిందని నీకు ముందే ఎరుకనా?” అని అడిగాను.

“పాడుమన్నడు, పాడిన. ఇగ లేచి పో, నాకు పనున్నది.”