ఆల్బమ్‌లో లేని పాట

సుధామయి సర్రీ నగరంలోని ఒక ఆసుపత్రిలో చాలా ఏళ్లు స్పీచ్ థెరపిస్టుగా పనిచేసింది. పక్షవాతం వచ్చి మాట పడిపోయినవాళ్ల చేత మళ్లీ మాట్లాడించడం ఆమె పని. ఆమె రిటైరయిన ఏడాదే భర్త సీతారామారావుకు స్ట్రోక్ వచ్చి మాట పడిపోయింది.

ఆయన వంతెనలు డిజైన్ చేసే ఇంజనీరు. మొదటినుంచీ తక్కువ మాట్లాడే మనిషి. స్ట్రోక్ తర్వాత ఆయన నోట ఒక్క మాటే మిగిలింది. "వద్దు." కాఫీ తెస్తే "వద్దు" అంటూనే కప్పు అందుకునేవాడు. కూతురు రాగిణి వస్తే ముఖం విప్పారి "వద్దు, వద్దు" అనేవాడు. ఆ జబ్బులో అది మామూలే. ఏదో ఒక మాట ఇరుక్కుపోతుంది, ఏం చెప్పబోయినా అదే వస్తుంది. ఈ సంగతి సుధామయి ఎందరి భార్యలకో ఓపికగా వివరించింది. తన ఇంట్లో మాత్రం అది విన్నప్పుడల్లా గుండె కలుక్కుమనేది.

మాట పోయినా పాట మిగిలేవాళ్లుంటారు. పాట పట్టుకుని మాట దాకా రావచ్చు. కానీ సీతారామారావు స్నానాల గదిలో కూడా కూనిరాగం తీసిన మనిషి కాదు. ఆమె పక్కన కూర్చుని పాడితే మర్యాదగా వినేవాడు. పాట అయ్యాక ఆమె చెయ్యి తట్టి "వద్దు" అనేవాడు.

ఆ చలికాలం న్యుమోనియా వచ్చింది. ఊపిరికి గొట్టం వేయాలనీ, వేస్తే మళ్లీ తీయగలమో లేదో చెప్పలేమనీ డాక్టరు అన్నాడు. పేషెంటు ఏమంటారో అడగమన్నాడు.

"ఏవండీ, గొట్టం వేయించమంటారా?"

"వద్దు."

ఆమె మళ్లీ అడిగింది. మళ్లీ అదే మాట. దాన్నే జవాబుగా తీసుకుని గొట్టం వేయలేదు. రెండో రోజు ఆయన పోయాడు.

ఏడాది దాటాక ఒక మ్యూజిక్ ప్రొడ్యూసర్ ఫోన్ చేశాడు. వేన్ మెకారిక్ పేరు విన్నారా అన్నాడు. ఒకప్పుడు హాళ్లకు హాళ్లను లేపి నిలబెట్టిన రాక్ అండ్ రోల్ గాయకుడు. డెబ్బై దాటాడు. కొత్త ఆల్బమ్ సగంలో ఉండగా స్ట్రోక్ వచ్చింది. ఎవరో ఆమె పేరు చెప్పారట.

"నా వల్ల కాదండీ," అంది సుధామయి.

రాగిణి వదల్లేదు. "అమ్మా, జస్ట్ గో వన్స్. ఇంట్లో కూర్చుని ఆ గోడలనే చూస్తావా?"

కార్లనూ మోసే ఫెర్రీ పడవ ఎక్కి ఆయనుండే దీవికి వెళ్లింది. వేన్‌కు మిగిలిన మాట "యెస్". నీళ్లు కావాలన్నా యెస్, నొప్పి పుట్టినా యెస్. కానీ ఆమె ఆయన ఎడమచేతి మీద తాళం వేస్తూ ఆయన పాత పాట ఒకటి ఎత్తుకునేసరికి ఆయన గొంతు కలిసింది. మాటలన్నీ వచ్చాయి, ఒక్కటీ తప్పలేదు. ఆయన ఏడ్చాడు. సుధామయి బయటికి వెళ్లి వరండాలో నిలబడింది. ఆమెకు సంతోషం కలగలేదు, కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు.

అయినా వెళ్తూనే ఉంది. వసంతమంతా వాళ్లిద్దరూ కొత్త పాటలను ఒక్కో చరణంగా కూడదీశారు. గొంతు గరగరలాడేది, కొన్నిచోట్ల గాలే వినిపించేది. రికార్డింగ్ పూర్తయ్యాక ప్రొడ్యూసర్ ఒక్కో పాటా వినిపించి, "ఇది పెడదామా వేన్?" అని అడిగాడు. అన్నిటికీ యెస్.

"ఇది తీసేద్దామా అని అడగండి," అంది సుధామయి.

అడిగాడు. "యెస్," అన్నాడు వేన్.

ప్రొడ్యూసర్ మొహం చిన్నబోయింది. ఆమె ప్లేయర్‌ను వేన్ ఒళ్లో పెట్టి, ఆపే మీట మీద ఆయన వేలు ఆనించింది. "నచ్చనిది ఆపేయండి. చాలు."

పాటలు వరసగా సాగాయి. చనిపోయిన భార్య గురించి రాసుకున్న పాట రాగానే వేన్ మీట నొక్కాడు. మళ్లీ పెడితే మళ్లీ నొక్కాడు. మర్నాడూ ఆ పాట దగ్గరే ఆపాడు.

"ఈ ఆల్బమ్‌కి ప్రాణం ఆ పాటే," అన్నాడు ప్రొడ్యూసర్.

"కావచ్చు. అది నలుగురూ వినడం ఆయనకిష్టం లేదు."

చివరికి ప్రొడ్యూసర్ ఆ పాట తీసేశాడు.

ఆ సాయంత్రం ఫెర్రీ దగ్గరికి రాగిణి కారు తీసుకొచ్చింది. రేవు నుంచి బయటికొచ్చే లైన్లో కార్లు కదలడం లేదు. సుధామయి జరిగిందంతా చెప్పి ఆగిపోయింది.

"ఏమైందమ్మా?"

"మీ నాన్న చేతికి కూడా ఏదన్నా ఇచ్చి అడిగుండాల్సింది. నోటిని అడిగాను."

"ఆయన చేతులు లేపే స్థితిలో లేరు కదా."

"వేళ్లు కదిలేవి."

రాగిణి స్టీరింగ్ మీద తల ఆనించింది. "ఐ డోంట్ నో, అమ్మా. నేనూ రోజూ అదే అనుకుంటా. నాన్న నిజంగా వద్దన్నారా అని. నీతో అనడానికి భయమేసింది."

తనకే ఉందనుకున్న బాధ కూతురు కూడా ఇన్నాళ్లూ ఒంటరిగా మోస్తోందని సుధామయికి అప్పుడు తెలిసింది. ఆ ప్రశ్నకు జవాబు ఇద్దరి దగ్గరా లేదు. ఇక దొరకదు కూడా.

ఆల్బమ్ సెప్టెంబరులో వచ్చింది. కొందరు జాలిపడ్డారు. కొందరు ఇంత ముసలితనంలో ఎందుకన్నారు. వేన్ ఇంకో చలికాలం బతికాడు. ఆయన పోయిన వార్త విన్న రోజు సుధామయి, రాగిణి వంటగదిలో కూర్చుని ఆ పాటలు మొదట్నుంచి చివరిదాకా విన్నారు. అయిపోయాక రాగిణి లేచి అన్నం వడ్డించింది.