జున్నుకి నేను తీసిన దిష్టి

ఆ రోజు ఇల్లు ఊడుస్తుంటే పంజరం కింద గుప్పెడు ఈకలు చీపురుకి వచ్చాయి. ఈకలు రాల్చే కాలం కాబోలు అనుకుని చేటలోకి ఎత్తాను. మర్నాడూ అన్నే వచ్చాయి. తలెత్తి చూస్తే జున్ను గుండె మీద రూపాయి బిళ్లంత మేర గులాబీ రంగు చర్మం కనపడింది. నేను చూస్తుండగానే ముక్కుతో ఇంకో ఈక పట్టి లాగి కీచుమంది. నొప్పి పుడుతుంటే ఎందుకు పీక్కుంటున్నావే తల్లీ అని నాకు ఏడుపొచ్చింది.

జున్ను మా అమ్మాయి లహరి పెంచుకున్న కాకటీల్ చిలక. ఒళ్లంతా జున్నుముక్క రంగు, బుగ్గల మీద నారింజ చుక్కలు. మాటలు రావు కానీ కుక్కర్ విజిల్ అచ్చం కుక్కర్‌లాగే వేసేది. మూడు విజిల్స్ లెక్కపెట్టి స్టవ్ కట్టేస్తే అందులో రెండు దీనివే. బ్రాడీపేటలో మా ఇంట పప్పు సరిగ్గా ఉడికిన రోజులు తక్కువ.

లహరి ఇంటర్‌లో చేరి హాస్టల్‌కి వెళ్లిన రెండు వారాలకి ఈ పీక్కోవడం మొదలైంది. ఆదివారం ఫోన్ చేస్తే అది అనే మొదటి మాట, "అమ్మా, జున్నుకివ్వు ఫోను." నేనెలా ఉన్నానో అడగడం ఆ తర్వాత సంగతి. "దసరాకి వచ్చేస్తా, జాగ్రత్తగా చూడమ్మా" అనేది. బోడి గుండె సంగతి దానికి చెప్పలేదు. దసరాలోపు ఈకలు మొలిపించాలని పంతం పట్టాను.

విజయవాడలో పక్షుల్ని చూసే డాక్టరమ్మ ఉన్నారంటే పంజరం ఒళ్లో పెట్టుకుని బస్సెక్కాను. బ్లడ్ టెస్ట్ నార్మల్, స్కిన్ టెస్ట్ నార్మల్.

"ఇది స్కిన్ డిసీజ్ కాదండీ, స్ట్రెస్. పాప కోసం బెంగ పెట్టుకుంది" అన్నారావిడ. పక్కన మనిషి ఉండాలి, రోజూ నీళ్లు చిలకరించాలి, కొరుక్కోడానికి ఏదైనా ఇవ్వాలి అని చెప్పి, "పంజరం ఎక్కడ పెడతారు?" అనడిగారు.

"వంటింటి గుమ్మం దగ్గరండీ."

"మీవారేం చేస్తారు?"

"మిర్చి యార్డులో గుమస్తా."

ఆవిడ పెన్ను కింద పెట్టారు. "పక్షుల లంగ్స్ మనలాంటివి కావమ్మా, చాలా సెన్సిటివ్. నాన్‌స్టిక్ పెనం మాడినా, దోమల చుట్ట వెలిగించినా, తాలింపు ఘాటు కొట్టినా, మీవారి ఒంటికంటిన మిరప కోరు తగిలినా ప్రాణం మీదకే వస్తుంది."

అన్నీ పాటించాను. పంజరం ముందుగది కిటికీ దగ్గరికి మార్చాను. నాన్‌స్టిక్ పెనం పారేశాను, దోమల చుట్టలు మానేశాం. మా ఆయన పెరట్లో స్నానం చేశాకే లోపలికి రావాలి. "ఈ ఇంట్లో నాకన్నా పిట్టకే మర్యాద" అని సణుగుతూనే చేసేవారు. నెల తిరిగేసరికి గుండె మీద ముళ్లలా కొత్త ఈకలు లేచాయి.

దసరా ఇంకో పది రోజులుందనగా మా ఆడపడుచు పెదకాకాని నుంచి వచ్చింది. "అబ్బ, ఎంత ముద్దుగా తేరుకుందో!" అంది. ఆ సాయంత్రమే జున్ను నాలుగు కొత్త ఈకలు నెత్తురొచ్చేలా పీకేసుకుంది.

"దిష్టి కాక ఇంకేంటమ్మా? నోరారా అందిగా" అన్నారు అత్తయ్య. సొంత కూతురని కూడా చూడలేదావిడ.

నిజం చెప్పాలి. దిష్టి తీసింది అత్తయ్య కాదు, నేను. ఎండుమిరపకాయలు, రాళ్లుప్పు గుప్పిట్లో పట్టుకుని పంజరం చుట్టూ మూడుసార్లు తిప్పి, ఆ గదిలోనే కొబ్బరిచిప్ప నిప్పుల మీద వేశాను. తాలింపు పొగ, దోమల చుట్ట పొగ అన్నీ గుర్తున్నాయి నాకు. దీన్ని మాత్రం పొగ అనుకోలేదు, మందు అనుకున్నాను.

మిరపకాయలు కాలినా ఘాటు రాకపోతే దిష్టి గట్టిగా తగిలిందని లెక్క. మా ఇద్దరికీ దగ్గే రాలేదు. "చూశావా, ఎంత దిష్టో!" అన్నారు అత్తయ్య. నేను ఇంకో నాలుగు కాయలు వేశాను. ఆవిడ మిరప కళ్లాల్లో పుట్టి పెరిగిన మనిషి. నేను ఇరవై ఏళ్లుగా యార్డు చొక్కాలు ఉతుకుతున్నదాన్ని. మా ముక్కులకి ఘాటు తెలియడం ఎప్పుడో పోయిందని ఇద్దరికీ తోచలేదు.

జున్ను నోరు తెరిచింది. ఊపిరి ఊపిరికీ తోక పైకీ కిందకీ ఊగింది. కొమ్మ మీంచి పంజరం అడుక్కి జారిపోయింది.

కారు మాట్లాడుకుని విజయవాడ పరుగెత్తాం. ఆక్సిజన్ పెట్టెలో మూడు రోజులు ఉంచారు, నెబ్యులైజర్ పెట్టారు. "ఏం కాల్చారమ్మా?" అనడిగారు డాక్టరమ్మ. చెప్పాను. ఆవిడ తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"బతుకుతుంది. కానీ లంగ్స్, గొంతు బాగా దెబ్బతిన్నాయి. మునుపటిలా ఉండకపోవచ్చు" అన్నారు.

దసరాకి లహరి వచ్చింది. గుమ్మంలోంచే "జున్నూ!" అని ఈల వేసింది. జున్ను జుట్టు నిక్కబొడుచుకుని, మెడ సాచి, నోరు తెరిచింది. గాలి మాత్రం వచ్చింది. "అమ్మా, ఏమైంది దీనికి?" అంటే ఏదీ దాచకుండా చెప్పాను. సెలవులన్నాళ్లూ అది నాతో మాట్లాడలేదు. వెళ్లే రోజు బ్యాగు సర్దుకుంటూ, "నాకు దిష్టి తీయకమ్మా" అంది.

ఇప్పుడు జున్ను గుండె నిండా ఈకలున్నాయి. ఆదివారం లహరి ఫోన్ జున్నుకే ఇమ్మంటుంది. తనే మాట్లాడి, ఇటునుంచి కాసేపు ఆ గాలి చప్పుడు విని పెట్టేస్తుంది.

ఇంట్లో పక్షి ఉన్నవాళ్లకి నేను చెప్పేది ఒక్కటే. దేవుడికైనా దిష్టికైనా, అది ఉన్న ఇంట్లో ఏదీ కాల్చకండి. మనకి దగ్గు రాలేదు కదా అని ఊరుకోకండి. ఊపిరి తీసినప్పుడల్లా దాని తోక ఊగుతోందంటే ఆ క్షణమే బయటి గాలికి తీసుకెళ్లి డాక్టర్ దగ్గరికి పరుగెత్తండి.

మా ఇంట్లో ఇప్పుడు మూడు విజిల్స్ అంటే మూడే. పప్పు రోజూ మెత్తగా ఉడుకుతోంది. నాకే తినబుద్ధి కావడం లేదు.