గుట్ట కింద కార్లు కడిగిన మా అత్తమ్మ

మా అత్తమ్మ పోయిందన్న కబురు వచ్చినప్పుడు నా చేతిలో తడిబట్ట ఉంది. దవాఖాన నుంచి నా భార్య ఫోన్ చేసింది. గుండెలో నొప్పి అంటే రెండు రోజుల కింద తీసుకుపోయాం. ఆ పొద్దున ఇడ్లీ తిన్నదని, ఇంటికి ఎప్పుడు పోదామని అడుగుతోందని అంతకు ముందే ఒకసారి చెప్పింది. ఈసారి “అమ్మ పోయింది” అన్న రెండు మాటలే వినిపించాయి. తరువాత అంతా ఏడుపే.

నా ముందు తెల్లకారు ఒకటి నీళ్లు కారుతూ నిలబడి ఉంది. పొద్దు ఎక్కుతోంది. అట్లాగే వదిలేస్తే నీటిబొట్లు ఎండి రంగు మీద మచ్చలు కడతాయి. పైకప్పు నుంచి కిందిదాకా కారంతా తుడిచి, తాళం డ్రైవరు చేతిలో పెట్టి, అప్పుడు బయలుదేరాను. ఈ సంగతి విని మా బంధువుల్లో కొందరు నన్ను అదోలా చూశారు. తడికారును ఎండలో వదిలి ఉరికి వస్తే ఆమెకే నచ్చేది కాదని వాళ్లకు ఎట్లా తెలుస్తుంది?

కొత్త బండి కొన్నవాళ్లు పూజ చేయించడానికి యాదగిరిగుట్టకు వస్తారు. పూజ అయ్యాక ఆ బండిని చూడాలి. బానెట్ మీద పసుపు, అద్దం మీద కుంకుమ, చక్రాల కింద నలిగిన నిమ్మకాయలు, బంపరు మీద కొబ్బరినీళ్ల జిగట. టెంపో నడిపే మా మామ పోయాక, బండ్లు ఆపే జాగా పక్కన బకెట్ పెట్టుకుని అత్తమ్మ ఈ పని మొదలుపెట్టింది. మొదట్లో ఆమెకూ ఏమీ తెలియదు. ఒకాయన కొత్తకారు మీది కుంకుమను తడిబట్టతో గట్టిగా రుద్దితే, అందులోని సన్నటి ఇసుక రంగంతా గీసేసింది. ఆయన తిట్టలేదట. కారును ఎండకు తిప్పి ఆ గీతలు చూపించి, ఆమె చేతిలోని బట్ట తీసుకుని మోరీలో పడేసి వెళ్లిపోయాడట.

“తిడితె మరిచిపోదును” అని నా భార్యతో అనేది.

ఆ తరువాత గుట్టకు జనం పలచబడిన రోజుల్లో బస్సెక్కి భువనగిరి పోయి, అక్కడ కార్లకు రంగులు వేసే షెడ్డు ముందు టీ కొట్టు బల్ల మీద కూర్చునేది. రంగు మేస్త్రి ఏ గరుకు కాగితంతో గీకుతున్నాడో, ఎన్నిసార్లు పూస్తున్నాడో, చివరన ఆ నీళ్లలాంటి పూత ఎందుకో చూస్తూ ఉండేది. నాలుగైదు సార్లు చూశాక మేస్త్రే లోపలికి పిలిచి చెప్పాడట. మనకు కనిపించే మెరుపంతా పైన ఉన్న ఆ పలచటి పూతదేనని, అది పోతే కారు అందం పోయినట్టేనని ఆమె నేర్చుకున్నది అక్కడే.

నేను ఆమె దగ్గరికి చేరింది కరోనా ఏడాదిలో. హైదరాబాదులో నేను పనిచేసే కార్ల షోరూము మూతపడింది. నా దగ్గర వారం రోజుల శిక్షణ తీసుకున్నట్టు ఒక కాగితం, కొత్త పాలిష్ మిషన్ ఉన్నాయి. కిరాయి కట్టలేక, ఇద్దరం ఆమె ఇంటికి వచ్చేశాం. అత్తగారింట్లో ఉండటమే నామోషీ అనుకుంటే, ఆమె పక్కన నిలబడి కార్లు కడగడం ఇంకా నామోషీగా ఉండేది. నాకు పని తెలుసు, ఆమెకు నీళ్లు పోయడమే తెలుసు అని నా లెక్క.

అత్తమ్మ పాతకాలపు మనిషి. అల్లుడికి ఎదురుగా నిలబడి మాట్లాడేది కాదు. నేను రాగానే కొంగు తల మీదికి లాక్కుని కారు వైపు తిరిగేది. నేను రెండడుగుల దూరంలో ఉన్నా సరే, “బిడ్డా, మీ ఆయనకు చెప్పు, చక్రాలు తుడిచిన బట్ట తలుపుకు పెట్టొద్దని” అని కూతురితో అనేది. నా భార్య నవ్వు ఆపుకుంటూ అదే మాట నాకు అప్పజెప్పేది. ఆమె లేని రోజున అత్తమ్మ ఆ మాటలు కారుకే చెప్పేది. “నిన్ను గుండ్రంగ రుద్దుతున్నరే, గీతలు పడయా” అని ఒక జీపు తలుపుతో ఆమె అంటుంటే విని, నేను చేతిని నిలువుగా నడపడం మొదలుపెట్టాను.

అట్లా దాదాపు రెండేళ్లు కార్ల ద్వారానే నాకు చదువు చెప్పింది. పసుపు కుంకుమలను ముందు తడపకూడదు, ఊదాలి. తరువాత నీళ్లు పోసి వాటంతట అవి జారిపోనివ్వాలి. తెల్లకారు మీద పసుపు మరక మిగిలితే గోకకూడదు, నాలుగు రోజుల ఎండ దాన్ని తీసేస్తుంది. సబ్బునీళ్లకు ఒక బకెట్, బట్ట జాడించడానికి ఇంకొకటి. బట్ట నేల మీద పడితే ఆ రోజుకు దాని పని అయిపోయినట్టే, ఎంత మంచి బట్టయినా సరే. అన్నిటికంటే నన్ను ఆశ్చర్యపరిచింది ఇంకొకటి. కడిగిన కారు మీద, చేతికి పలచటి పాలిథిన్ కవరు తొడుక్కుని మెల్లగా తడిమేది. వట్టి చేతికి తెలియని గరుకు ఆ కవరులో నుంచి తెలుస్తుంది. ఇదే కిటుకు నాకు శిక్షణలో చెప్పారు. ఆమెకు ఎవరు చెప్పారని నా భార్యతో అడిగించాను. చలికాలం చేతులు పగిలి కవరు తొడుక్కుంటే దానంతట అదే తెలిసిందట.

ఒకరోజు ఆమె పూలు తేవడానికి పోయినప్పుడు, ఆలేరు వైపు నుంచి ఒక లెక్కల సారు ముదురు నీలం కారు తెచ్చాడు. రిటైరయ్యాక కొనుక్కున్న మొదటి కారు. బానెట్ మీద సన్నగీతలు ఉన్నాయి, తీస్తావా అని అడిగాడు. నేను హుషారుగా మిషన్ పెట్టాను. బానెట్ అంచు దగ్గర పూత ఇంకా పలచగా ఉంటుంది, అక్కడ మిషన్ ఆపకూడదు. ఆయనతో మాట్లాడుతూ ఆపాను. ఆయన టీ తాగడానికి వెళ్లాక చూస్తే, బొటనవేలంత జాగాలో మెరుపు పోయి రంగు బూడిదలా కనిపిస్తోంది. దాని మీద మైనం పూస్తే నెలా రెండు నెలలు కనిపించదు. డబ్బా మూత తీశాను.

వెనక అత్తమ్మ నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు. ఆ మచ్చను చూసింది, డబ్బాను చూసింది. ఆ రోజు కొంగు లాక్కోలేదు, కారు వైపు తిరగలేదు. నా ముఖంలోకి చూసి మాట్లాడింది.

“అల్లుడా, మైనం పెట్టకు. ఎండకు అది పోతది. గప్పుడు ఆయన ఇంటి ముంగట ఒక్కడే నిలబడి చూసుకుంటడు. ఇప్పుడైతె మనం గూడ ఉంటం.”

ఆమె నాకంటే ముందే నడిచి, టీ కొట్టు దగ్గర ఉన్న సారును పిలుచుకొచ్చింది. ఎవరు చేశారో చెప్పలేదు. “మా చేతుల తప్పు జరిగింది సారూ” అని మాత్రం అన్నది. సారు ఆ మచ్చ మీద వేలు పెట్టి మెల్లగా రుద్ది చూశాడు. ఆయన అరిస్తే బాగుండునని నాకు అనిపించింది. అప్పుడు తప్పు చేసింది నేనని నేనే చెప్పాను. భువనగిరి మేస్త్రి దగ్గర బానెట్‌కు మళ్లీ రంగు వేయించి ఇచ్చాం. కారు తీసుకుపోతూ సారు మాతో ఒక్క మాట మాట్లాడలేదు.

మరుసటి వారం అత్తమ్మ పాత సామాన్ల కొట్టు నుంచి ఒక కారు తలుపు, రెండు బానెట్లు ఆటోలో వేయించుకొచ్చింది. నెలరోజులు మధ్యాహ్నాలు వాటి మీదే నా సాధన. అంచులకు కాగితం టేపు అంటించడం, మిషన్‌ను నిలపకుండా నడపడం, పూత వేడెక్కిందా అని చేయి పెట్టి చూడటం. ఆమె ముక్కాలిపీట మీద కూర్చుని చూసేది. ఇప్పుడు నేరుగానే చెప్పేది, “జర మెల్లగ, అల్లుడా. ఫికర్ చెయ్యకు, గది పాత తలుపే.” పదిహేను రోజులయ్యాక పీట మీది నుంచి లేచి, మిషన్ తనకు ఇవ్వమన్నది. అరవైకి దగ్గర పడిన మనిషి, చీర కుచ్చిళ్లు బిగించి, మొదటిసారి మిషన్ ఎగిరితే ఉలిక్కిపడి, తరువాత తనే నవ్వి, నాలుగు రోజుల్లో నాకంటే సాఫుగా నడిపింది. ఆ నాలుగు రోజులు నేను చెప్తుంటే ఆమె వింది. ఏ సందేహం వచ్చినా నన్నే అడిగింది. మా మధ్య పరదా పూర్తిగా పోయింది అప్పుడే.

ఏడాది దాటాక లెక్కల సారు మళ్లీ వచ్చాడు. కారంతా దుమ్ము. తాళం ఆమె చేతికిచ్చి, ఎంతసేపైనా పట్టనీ అన్నాడు. ఆమె ఆ తాళం తెచ్చి నా చేతిలో పెట్టి పూలు తేవడానికి వెళ్లిపోయింది. నా జీవితంలో అంతకంటే పెద్ద మెప్పు ఏదీ రాలేదు.

ఇన్ని కార్లు కడిగిన మనిషి కార్లలో కూర్చున్నది తక్కువ. ఎక్కడికి పోయినా బస్సే. పోయిన దసరా తరువాత మేము ఒక పాత నల్లకారు కొన్నాం. ఆమె, నేను కలిసి రెండు రోజులు దానికి పాలిష్ పట్టి, అచ్చంపేట దగ్గర ఉన్న ఆమె తల్లిగారి ఊరికి ముగ్గురం బయలుదేరాం. కల్వకుర్తి దాటాక రోడ్డుకు అడ్డంగా పెద్ద గొర్రెల మంద వచ్చింది. గొర్రెలు కారును రాసుకుంటూ పోతున్నాయి. రంగు గీసుకుపోతుందని నేను హారన్ మీద చేయి పెట్టాను. కొట్టొద్దని నా చేయి ఆపి, పక్కసీట్లోని అత్తమ్మ తలుపు తీసుకుని దిగింది. చిన్నప్పుడు వాళ్లింట్లో గొర్రెలు కాసేవారని, పెళ్లిదాకా తనూ వాటి వెంట తిరిగిందని నా భార్య వెనకసీట్లో నుంచి చెబితే నాకు అప్పుడే తెలిసింది.

అత్తమ్మ గొర్రెలకాపరిని ఏ ఊరని అడిగింది, మేత దొరుకుతోందా అని అడిగింది. మంద ఆమెకు రెండు వైపులా చీలి పోతూనే ఉంది. లేచిన ఎర్రదుమ్ము మా నల్లకారు మీద మెల్లగా దిగుతోంది. ఆమె ఒక్కసారి కూడా కారు వైపు చూడలేదు. గొర్రెల మధ్య నడుం మీద చేయి వేసుకుని నిలబడి, ఆ ముసలి కాపరి చెప్పేదానికి నవ్వుతూ ఉంది.