చేప పైకొచ్చిన పొద్దు

మా ఆయన పోయాక బందరులో కూతురి దగ్గర ఉంటున్నాను. వీధి చివర పశువుల దాణా కొట్టు ఉంది. వాన పడి అక్కడి తవుడు నానిందంటే, ఆ పులిసిన తియ్యటి వాసనకి నాకు మళ్ళీ పదమూడేళ్ళు వచ్చేస్తాయి. నాకు సంతకం మించి రాదు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది.

మాది హంసలదీవి దగ్గర పల్లె. పొద్దున్నే కాళ్ళకింద చల్లటి ఇసక, ఎండుచేపల వాసన, పీతల వెంట పరుగులు, మోపిదేవి తీర్థంలో కొన్న ఎర్ర రిబ్బను ఉప్పుగాలికి తెల్లబడేదాకా జడకి అదే. చేపల గుంపు నీళ్ళమీదికి వస్తే సముద్రం ఎసరులా కుతకుతలాడేది. అప్పుడు ఎవరూ నోరెత్తకూడదు. అరిస్తే గుంపు మునిగిపోతుందని పెద్దవాళ్ళు మాకు ఉగ్గుపాలతో నేర్పిన మాట.

మా బాబాయి సముద్రం మీద చేపల వేటకెళ్ళి తిరిగి రాలేదు. ఆ ఏడే అమ్మ అయ్యకి అడ్డం పడింది.

“ఇంక పడవెక్కావంటే నన్నూ పిల్లనీ ఈ ఇసకలోనే పూడ్చి వెళ్ళు.”

అలా గుడివాడ అవతల చేపల చెరువుకి కాపలా వచ్చాం. గట్టుమీద తాటాకు గుడిసె, చుట్టూ చేపల మేతకి తవుడు బస్తాలు, కదలని పచ్చ నీళ్ళు.

“అల లేదు, ఉప్పు లేదు. ఇదేం నీళ్ళే, కుడితి!” అనేవాడు అయ్య.

“కుడితైనా మనిషిని ఇంటికి పంపుద్ది,” అనేది అమ్మ. అక్కడ ఉన్నన్నాళ్ళూ ఆమె కడుపునిండా తినడం చూశాను.

మూడు రోజులు ముసురు పట్టింది. అమ్మ మొవ్వ వైపు నాట్లకు వెళ్ళి అక్కడే ఉంది. రెండు రాత్రులు కన్ను మూయని అయ్య తెల్లవారుజామున నన్ను లేపాడు.

“బుల్లీ, కాసేపు చూస్తా ఉండవే. తేడాగా ఏవన్నా కనపడితే లేపు.”

వెలుగు వచ్చేసరికి చెరువంతా తలలే. బొచ్చెలు, శీలావతులు నోళ్ళు తెరుచుకుని పైకొచ్చేశాయి. అంత చేప పైకి రావడం అదృష్టమనే తెలుసు నాకు. చెరువు ఆసామి అయ్యకి కొత్త పంచె పెడతాడనుకుంటూ, ఊపిరి బిగబట్టి, కాలైనా కదపకుండా కూర్చున్నాను. ముసురులో చెరువుకి గాలి చాలదనీ, అవి ఊపిరాడక పైకొచ్చాయనీ నాకెవరు చెప్పారు?

అయ్య లేచి వచ్చేసరికి తెల్లటి పొట్టలు తేలుతున్నాయి.

“ఎంతసేపయ్యిందే?”

“చీకటి విడిచిన కాడ్నించి. నేను అరవలేదయ్యా. ఒక్క మాటైనా అనలేదు.”

అయ్య నా మొహం ఒక్కసారి చూసి నీళ్ళలో దూకాడు. గాలి ఎక్కాలని చేతులతో, తెడ్డుతో నీళ్ళు బాదాడు, పిచ్చివాడిలా. ఆసామి వచ్చేసరికి ఇంకా బాదుతూనే ఉన్నాడు.

“నిన్ను పెట్టింది నిద్రపోడానికా?”

“తప్పయిపోయిందండీ. కన్నంటుకుంది.”

నావైపు తిరగనైనా లేదు. అమ్మకీ అదే చెప్పాడు. వారంలో మళ్ళీ హంసలదీవి, మళ్ళీ పడవ. నిజం నేనూ చెప్పలేదు. తర్వాత చెబుదామనుకున్నాను. అయ్య వేటకెళ్ళిన రోజున పడవ ఒడ్డుకు వచ్చేదాకా అమ్మ మెతుకు ముట్టేది కాదు. చిన్న తగువొచ్చినా “నిద్రమొహమా” అనేది. అయ్య నవ్వేసి వల సర్దుకునేవాడు.

ఆయన సముద్రంలో పోలేదు, ముసలితనంలో మంచం మీదే పోయాడు. ఆ తర్వాత అమ్మ మంచాన పడింది. ఒకరోజు నేను కాళ్ళు ఒత్తుతుంటే, “ఆ పొద్దు మీ అయ్య నిద్రపోకుండా ఉంటే మన బతుకు ఇంకోలా ఉండేదే బుల్లీ,” అంది. అప్పుడైనా చెప్పాల్సింది. ఒత్తుతూనే కూర్చున్నాను.

ఇప్పుడు చెరువుల్లో చక్రాలు తిరుగుతూ గాలి కొడుతున్నాయి. మా గుడిసె ఉన్న గట్టు కూడా లేదు. చెప్పుకోవడానికి ఇద్దరిలో ఒక్కరూ మిగల్లేదు. అయ్య నిద్రపోయిన మాట నిజమే. నన్ను నమ్మి నిద్రపోయాడు.