బావమరిది బరువులో గోనె తరుగు

మొన్న ఆదివారం బీర్‌గావ్‌లో తన జిమ్ముకి కొత్త గది కలిపానని, తప్పకుండా రమ్మని మా బావమరిది కబురు పెడితే, కొబ్బరికాయ కొట్టడానికి ఇంటి పెద్ద ఒకడు కావాలి కాబోలు అనుకుంటూ మా ఆవిడని వెంటబెట్టుకుని వెళ్ళాను. తీరా చూద్దును కదా, ఆ గది మధ్యలో పసుపు కుంకుమలు పెట్టించుకుని, భన్‌పురి రైసు మిల్లులో నేను ఇరవై ఏళ్ళు తూకాలు వేసిన పాత కాంటా కూర్చుని ఉంది. మిల్లువాళ్ళు పాత ఇనుము కింద అమ్మేస్తే, ఆ కొట్టువాడి దగ్గర వెతికి కొనుక్కొచ్చాడట. రిటైరయినప్పుడు కూడా రాని కన్నీళ్ళు దాన్ని చూస్తే వచ్చాయి.

ఎర్ర అంకెలు వెలిగే ఈనాటి తూకాలు మాత్రమే చూసినవాళ్ళకి ఆ కాంటా సంగతి తెలియదు. కింద ఇనప పలక, పైన గీతలు గీసిన ఇత్తడి కడ్డీ, దాని మీద ముందుకీ వెనక్కీ జరిగే గుండు. అంతే దాని సరంజామా. రాష్ట్రం కొత్తగా ఏర్పడి, రాయపూర్ రాజధాని అయిందని అందరూ సంబరపడుతున్న రోజుల్లో నేను ఆ మిల్లులో కాంటా బాబుగా చేరాను. ధాన్యం బస్తా పలక మీదికి ఎక్కగానే గుండు జరపడం, కడ్డీ నిలవగానే గోనెసంచి బరువు కింద ఆరువందల గ్రాములు తరుగు తీసేసి మిగిలినది కేకవేయడం నా పని. ఆ తీసివేత ఎంత అలవాటైపోయిందంటే, కూరగాయల సంతలో కూడా నా నోరు అప్రయత్నంగా తరుగు తీసేసేది; మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

మా మామగారు శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే ఉద్యోగం మీద వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. ఆయన ఒక్కగానొక్క కొడుకు, అంటే మా బావమరిది, చదువు మానేసి కుస్తీలు పట్టే అఖాడాలో మట్టి పూసుకుని తిరిగి, చివరికి బోనులో దిగి గుద్దుకుంటూ, తన్నుకుంటూ, మెలికలు పెడుతూ పోరాడే ఆ కొత్త ఆటలో తేలాడు. కోడిపుంజుకి కూడా బోనులో ఇంత కష్టం ఉండదని మా అత్తగారు నెత్తి కొట్టుకునేవారు గాని, గెలిచిన ప్రతిసారీ కాలనీ అంతా తిరిగి మిఠాయి పంచింది ఆవిడే. మూడేళ్ళపాటు దేశంలో అతని బరువువాళ్ళెవరూ అతన్ని ఓడించలేకపోయారు. ఆ బరువు అరవై ఒక్క కిలోలు. పోటీకి ముందు రోజు అధికారులు తూచినప్పుడు ఒక్క గ్రాము మించినా బెల్టు దక్కదు.

అతని ఒళ్ళేమో అరవై ఎనిమిదికి తగ్గేది కాదు. అందుకని పోటీకి పది రోజుల ముందు నుంచి ఉప్పు మానేసి, అన్నం మానేసి, చివరికి నీళ్ళు కూడా చుక్కలు లెక్కపెట్టుకుని తాగేవాడు. ఇంట్లో తూకం రోజుకో మాట చెబుతోందని, ఏటేటా సర్కారు ముద్ర వేయించుకునే మా మిల్లు కాంటానే నమ్మేవాడు. పోటీలు జరిగే నాగపూర్‌కి రైలెక్కే రోజు పొద్దున్నే వచ్చి, నిక్కరుతో పలక మీద నిలబడితే, అదొక పండగ. ఎండాకాలం ఇనుము కాలుతుంది, చలికాలం కొరుకుతుంది కదా అని హమాలీలు ముందుగానే అతని కాళ్ళ కింద ఒక గోనె పరిచేవాళ్ళు. ధాన్యం తేమ చూసే మేస్త్రీ అతని జబ్బ నొక్కి చూసి, ఈ సరుకు ఇంక ఆరబెడితే నూకైపోతుందని తీర్మానించేవాడు. నేను గుండు జరిపి, గోనె తరుగు తీసి అంకె కేకవేస్తే మిల్లు యంత్రాల చప్పుడుని మించిన ఈల లేచేది. ఆ నిమిషంలో నేనేదో రాజ్యం ఏలుతున్నట్టు ఉండేది నాకు.

నాలుగో ఏడు వానాకాలంలో అది జరిగింది. రాత్రంతా కురిసి గోనె తడిసిపోయింది. తడి బరువు పహిల్వాన్ మీద పడకూడదని మేస్త్రీయే దాన్ని లాగి పక్కన పడేశాడట. నా కళ్ళు కడ్డీ మీద ఉన్నాయి గాని కింద లేవు. లేని గోనెకి ఆరువందలు తీసేసి, అరవై కిలోల తొమ్మిది వందలని హాయిగా కేకవేశాను. ఎప్పుడూ లేనిది ఆ రోజు అతను మా ఇంటికెళ్ళి అక్క చేతి పెరుగన్నం తిని, రెండు గ్లాసుల నీళ్ళు తాగి, నన్ను వెంటబెట్టుకుని రైలెక్కాడు.

నాగపూర్‌లో తూకం ఎక్కితే ఏడువందలు ఎక్కువ. రెండు గంటలు గడువిచ్చారు. గాలి చొరని కోటు తొడుక్కుని అతను మెట్లు ఎక్కుతూ దిగుతూ ఉంటే, చెమట తుడుస్తూ వెనకాలే తిరిగాను. గడువులోపల బరువు దిగింది గాని ఒంట్లో సత్తువ కూడా దాంతోపాటే దిగిపోయింది. మర్నాడు మూడో రౌండులో, ఏడేళ్ళు చిన్నవాడైన ఒక హర్యానా వస్తాదు చేతిలో బెల్టు పోయింది. తిరుగు రైల్లో నా వేళ్ళు చూసుకుంటూ కూర్చున్నప్పుడు, ఆ పూట కాంటా పక్కన పడి ఉన్న తడి గోనె గుర్తొచ్చి తరుగు సంగతి తట్టింది. ఆ తరువాత వరసగా మూడు ఓటములు, ఒక మోకాలి ఆపరేషను, ఆపైన విరమణ. నా చేతులారా ఒక విజేతను పడగొట్టానన్న మాట ఎవరికీ చెప్పుకోలేక, చివరికి మా ఆవిడకి కూడా చెప్పలేక పన్నెండేళ్ళు మోశాను.

మొన్న ఆ కాంటా ముందు నిలబడేసరికి ఇంక దాచడం నావల్ల కాలేదు. అందరూ ప్రసాదాల హడావుడిలో ఉండగా అతన్ని పక్కకి పిలిచి చెప్పేశాను. అతను ఆశ్చర్యపోలేదు సరికదా, నవ్వాడు.

"నాకు అప్పుడే తెల్సు బావా. కాళ్ళకి ఇనుము ఏక్‌దమ్ చల్లగా తగిలినాది. గోనె లేదని తెలిసిపోనాది."

మరి నోరెందుకు మెదపలేదురా అని అడిగాను.

"ఆ హర్యానావోడి చేతిలో ఓడిపోతానని నాకు నెల ముందే తెల్సు. మోకాలు అయిపోయినాది కదా. నువ్వు సరిపోయిందన్నావు. ఖాళీ కడుపుతో ఎందుకు ఓడాల, అక్క చేతి అన్నం తిని ఓడదాం అనుకున్నాను. అంతే."

పన్నెండేళ్ళ బరువు దిగిపోయి నేను కడ్డీ దగ్గరికి నడిస్తే, అతను ఆ పలక మీద కొత్త గోనె ఒకటి పరిచి ఎక్కాడు. అతని దగ్గర ఆ ఆట నేర్చుకుంటున్న ఫ్యాక్టరీ కూలీల ఆడపిల్లలు చుట్టూ మూగారు. గుండు జరుపుతూ పోయాను, జరుపుతూ పోయాను. తొంభై రెండు దగ్గర కడ్డీ నిలిచింది. గోనె తరుగు తీసి కేకవేస్తే పిల్లలు పగలబడి నవ్వారు, అందరికన్నా గట్టిగా అతనే నవ్వాడు.

మిల్లులో ఇప్పుడు తరుగు కూడా యంత్రమే తీసేస్తుందట, ఎన్నడూ పొరబడదట. మంచిదే. కాని దాని మీద నిలబడ్డ మనిషి పది రోజుల ఆకలితో ఉన్నాడని దానికేం తెలుస్తుంది? ఆ రోజు నాకూ అది తట్టలేదనుకోండి. లేని గోనెకి తరుగు తీసిన నా నోటికి మాత్రం తెలిసినట్టే ఉంది.