సైదులన్న కారు మీది కుంకుమ బొట్టు

దయ్యాల కథలు చెప్పేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. హైవే మీద నుజ్జయిన బండ్లు మా షెడ్డుకు ఎన్నో వచ్చాయి. మనుషులు పోయిన బండ్లలోనే కూర్చుని మధ్యాహ్నం సద్ది తిన్నదాన్ని. నాకు ఏదీ కనబడలేదు, వినబడలేదు. ఈ సంగతి ఇన్నాళ్లూ బయటపెట్టకపోవడానికి కారణం కూడా అదే. నన్నూ ఆ కథలవాళ్లలో కలిపేస్తారని భయం.

మా షెడ్డు కేతేపల్లి దాటాక రోడ్డు పక్కన ఉంది. బాపు పెట్టింది. పక్షవాతం వచ్చి ఆయన కుడి పక్క పడిపోయాక పానాలు, స్క్రూడ్రైవర్లు నా చేతికి వచ్చాయి. ఆడమనిషి విప్పిన ఇంజిన్ మళ్లీ బిగుస్తుందా అని నవ్వినవాళ్లు ఊరికి పదిమంది. వాళ్ల నోళ్లు మూయించడమంటే నాకు పండగే.

తెలంగాణ వచ్చిన రెండు మూడేళ్లకనుకుంటా, వానాకాలంలో ఒక పొద్దున పక్క ఊరి సైదులన్న తన పాత తెల్ల పెట్రోల్ కారు తెచ్చాడు. కారు కనబడకముందే చప్పుడు వచ్చింది. ఎక్సలేటర్ తొక్కితే చాలు, కార్బురేటర్‌లోంచి తుపాకీ పేలినట్టు ఢామ్మంటోంది. రోడ్డు మీది గొర్లమంద చెల్లాచెదురైంది, కాపరి సైదులన్నను తిట్టిన తిట్లు షెడ్డు దాకా వినిపించాయి.

"ముగ్గురు మెకానిక్‌లు చూసిన్రు చెల్లె. ప్లగ్గులు మార్చిన్రు, కాయిల్ మార్చిన్రు. ఎండకాలమంత మంచిగనే నడిచింది. వానలు పడ్డకాంచి గిట్లనే పేలుతాంది" అన్నాడు.

ఆ కారు వాళ్లమ్మ మల్లమ్మ కొనిచ్చింది. కొడుకు మంద వెంట ఎండలో తిరగకూడదని సగం జీవాలను అమ్మి మరీ కొంది. పోయిన దసరా అయిన నెలకే ఆమె చనిపోయింది.

"రేపు పొద్దుగాల పాతినుము కొనేటాయన వస్తనన్నడు. గియ్యాల నీతోని గూడ కాకపోతె ఇచ్చేస్త. అమ్మ యాదికుంటదని ఇన్నొద్దులు వెట్టుకున్న. ఇగ నాతోని అయితలేదు" అని మొహం పక్కకు తిప్పుకున్నాడు.

నేను బానెట్ లేపాను. కాయిల్ నుంచి నాలుగు ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ నల్ల కప్పు మీద రూపాయి బిళ్లంత కుంకుమ బొట్టు ఉంది. దసరా ఆయుధపూజకు మల్లమ్మ పెట్టింది. ప్రతి ఏడూ ఆమె అక్కడే పెట్టేదట. ఏడాది బొట్టు మీద ఏడాది బొట్టు, నూనె పట్టి అట్టలు కట్టింది.

"గా బొట్టు జోలికి మాత్రం పోకు చెల్లె" అన్నాడు. చెప్పనవసరం లేదు. పూజ బొట్టును ఇంజిన్ మీంచి తుడిచే మెకానిక్ మా దిక్కు లేడు. నేనూ తుడవను. వాన మాట వినగానే నాకు తట్టాల్సింది, కానీ ఆ బొట్టును చూసి నా బుర్ర కూడా చేతులు కట్టుకుని నిలబడింది.

పదింటికి మొదలుపెట్టాను. ప్లగ్గులు బాగున్నాయి. వైర్ల వరస సరిగ్గా ఉంది. టైమింగ్ రెండుసార్లు కట్టాను. కార్బురేటర్ విప్పి కడిగాను. కప్పును లోపలివైపు చూశాను, శుభ్రంగా ఉంది. స్టార్ట్ చేస్తే మళ్లీ ఢామ్. ఒంటిగంటకల్లా నాకు ఏడుపొక్కటే తక్కువ. సైదులన్న నా మొహం చూడలేక రోడ్డవతల చాయ్ హోటల్‌కు పోయాడు.

షెడ్డు వెనక డ్రమ్ము దగ్గర చేతులు కడుక్కున్నాను. అక్కణ్నుంచి చాయ్ హోటల్ కనబడుతుంది, సైదులన్న వీపు నాకు కనబడుతూనే ఉంది. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. వచ్చి చూస్తే కప్పు మీద బొట్టు లేదు.

మరక కూడా లేదు. ఎవరో కొంగుతో ఒత్తి తుడిచినట్టు కప్పు నల్లగా మెరుస్తోంది. నాకు భయం వేయలేదు, మండింది.

"బాపూ, ఎవరొచ్చిన్రు?"

షెడ్డు ముందు రోజంతా కూర్చునే కుర్చీలోంచి బాపు, "ఎవ్వలు రాలే బిడ్డా" అన్నాడు.

"మరి బొట్టెవలు తుడిచిన్రు?"

"నాకేమెరుక? ఇద్దరు వట్టుకుంటెనే లేస్త, నేను వోయి తుడుస్తనా?"

గుడ్డలన్నీ వెతికాను. ఒక్కదానికీ ఎరుపు లేదు. ఇక సైదులన్నకు ఏం చెప్పాలా అని కప్పును చేతిలోకి తీసుకున్నాను. అప్పుడు కనిపించింది, వెంట్రుకంత పగులు. బొట్టు ఉన్న చోటే, రెండు వైర్ల మధ్య.

గట్టిగా అరిచాను. దొరికింది! వాన తేమకు ఆ కుంకుమ నానుతోంది. ఒక సిలిండర్‌కు పోవాల్సిన నిప్పురవ్వ పగులు పట్టుకుని పక్క సిలిండర్‌కు దూకుతోంది. అక్కడ వాల్వు ఇంకా మూసుకోకముందే పెట్రోల్ అంటుకుని వెనక్కి పేలుతోంది. ముగ్గురు మెకానిక్‌లను, నన్నూ కలిపి తిప్పలు పెట్టింది ఇంతే!

బాపు పాత రేకు డబ్బాలో అదే రకం మంచి కప్పు ఉంది. వేసి, తాళం తిప్పాను. ఇంజిన్ అందుకుంది. ఎక్సలేటర్ సగం తొక్కాను, పూర్తిగా తొక్కాను. ఒక్క పేలుడు లేదు. బాపు ఎడమ చేత్తో కుర్చీని చరుస్తూ, "శబాష్ బిడ్డా!" అన్నాడు. ఆ మాట కోసం నేను ఎన్నేళ్లు ఎదురుచూశానో నాకే తెలుసు.

చప్పుడు విని సైదులన్న రోడ్డు దాటి ఉరికొచ్చాడు. బొట్టు సంగతి ఎట్లా చెప్పాలా అని నేను తల ఎత్తేలోపే బాపు అడిగాడు. "సైదులూ, నీ నొసట బొట్టెవలు వెట్టిన్రు?"

అతను తడుముకున్నాడు. వేలికి ఎర్రగా అంటింది. కొత్త కుంకుమ కాదు, నల్లబడి ఇంజిన్ నూనె వాసన కొడుతోంది. బొటనవేలితో కిందినుంచి పైకి దిద్దిన బొట్టు.

"మా అమ్మ గిట్లనే వెట్టేది" అని అక్కడే కూలబడి ఏడ్చాడు.

పొద్దున వచ్చినప్పుడు అతని నొసట ఏమీ లేదు, నేను చూశాను. తర్వాత హోటలాయనను అడిగితే, చాయ్ ఇచ్చేటప్పుడు కూడా లేదన్నాడు. ఆ ఇంజిన్ ఎందుకు పేలిందో ఎవరడిగినా నిమిషంలో చెబుతాను. ఆ బొట్టు ఎట్లా పోయిందో, ఎట్లా వచ్చిందో ఇప్పటికీ చెప్పలేను.

మరునాడు పాతినుమాయన వచ్చేసరికి సైదులన్న ఇంటికి తాళం. ఇంటిల్లిపాదీ కారెక్కి యాదగిరిగుట్టకు పోయారు. పైకెక్కాక నాకు ఫోన్ చేశాడు.

"చెల్లె, గుట్ట ఎక్కినం! ఒక్కకాడ గూడ పేలలే. నలుగురిని ఎనక ఇరికిచ్చిన. ముంగటి సీటు అమ్మకు ఇడిసిపెట్టిన."

దయ్యాలను నమ్మని నేను ఏమన్నానో తెలుసా?

"మంచిగ చేసినవ్ అన్నా. అమ్మను పైలంగ తోల్కరా."